కొరియా సంస్థల్లో మన పిల్లలు: పని, మాట, మర్యాద

మొన్న జరిగిన ఉపకార వేతనాల పంపిణీ సభలో, భోజనాల దగ్గర ఒక తండ్రి నా పక్కన కూర్చుని అడిగిన ప్రశ్నే ఈ పాఠానికి కారణం. వారి అబ్బాయి డిప్లొమా మెకానికల్ ఆఖరు సంవత్సరంలో ఉన్నాడు. శ్రీపెరుంబుదూరు దగ్గర కొరియా యాజమాన్యంలోని ఒక విడిభాగాల సంస్థలో ఉద్యోగం వచ్చేలా ఉంది. "కొరియావాళ్ళు గట్టిగా అరుస్తారటగదండీ, రాత్రి తొమ్మిదయినా ఇంటికి పంపరటగదా, మావాడు మెతక మనిషి, నిలబడగలడా?" అన్నారు ఆయన. ఎదురుగా కూర్చున్న వారి అమ్మాయి నవ్వి, "నాన్నా, నేనయితే కొరియా సీరియల్స్ చూసి భాష కూడా నేర్చుకుంటున్నా, అన్నయ్యకు బదులు నేను వెళతా" అంది.

తండ్రికి తెలిసింది సగం. కూతురికి తెలిసింది ఆ సగం కూడా కాదు. నేను పందొమ్మిదేళ్ళు కొరియా అధికారుల కింద, వారి పక్కన, చివరి కొన్నేళ్ళు కొందరికి పైన కూడా పనిచేశాను. మొదటి రెండేళ్ళలో చేసిన పొరపాట్లు ఎవరైనా ముందే చెప్పి ఉంటే చేసేవాణ్ణి కాదు. అందుకే విద్యార్థులతో పాటు తల్లిదండ్రులు కూడా చదవాలని కోరుతూ నాకు తెలిసినంత రాస్తున్నాను.

ఈ విషయం మన కుటుంబాలకు దూరపుది కాదు. హ్యుందాయ్ భారత సంస్థ 1996లో ఏర్పడి, ఇరుంగాట్టుకోట్టైలో కర్మాగారం కట్టి, 1998లో శాంట్రో కారును బయటికి తెచ్చింది. దాని చుట్టూ విడిభాగాల సంస్థలు వచ్చాయి. శాంసంగ్ బెంగుళూరు పరిశోధనా కేంద్రం కూడా 1996 నాటిదే. మహారాష్ట్రలో ఉన్నవారికి పూణే దగ్గర రంజన్‌గావ్‌లోని ఎల్‌జీ తెలుసు. హ్యుందాయ్ వారు తళేగావ్‌లోని జనరల్ మోటార్స్ కర్మాగారాన్ని తీసుకోవడానికి 2023లో ఒప్పందం చేసుకున్నారు. అనంతపురం వైపు బంధువులున్నవారికి పెనుకొండ దగ్గర ఎర్రమంచిలోని కియా తెలుసు. 2017లో ఒప్పందం జరిగితే 2019 ఆగస్టుకు సెల్టోస్ కారు అమ్మకానికి వచ్చింది. తమిళనాడు సరిహద్దు దాటగానే ఉన్న శ్రీసిటీలో ఎల్‌జీ మరో కర్మాగారానికి 2025లో శంకుస్థాపన జరిగింది. ఒడిశావారికి మాత్రం కొరియా అనగానే పోస్కో గుర్తుకొస్తుంది. 2005లో ఒప్పందం రాసుకుని, భూసేకరణ గొడవల మధ్య పన్నెండేళ్ళు నలిగి, చివరకు 2017లో వారు వెళ్ళిపోయారు. యానాం పిల్లలు చదువయ్యాక ఎలాగూ ఊరు వదలవలసినవారే గనుక వారికీ ఇది పనికొచ్చే పాఠమే.

ముందు వారి తొందర గురించి చెప్పాలి. కొరియన్‌లో 'పల్లి పల్లి' అనే మాట ఉంది. మనకు వేరుశెనగ గుర్తొస్తుంది గాని, దాని అర్థం 'త్వరగా, త్వరగా'. కర్మాగారంలో చేరిన మొదటి రోజే వింటారు. అది మనిషి కోపం కాదు, ఆ దేశం నడిచిన నడక. 1953లో యుద్ధం ఆగేనాటికి దక్షిణ కొరియా చేతిలో ఏమీ మిగలలేదు. సియోల్ నుంచి బూసాన్ దాకా 428 కిలోమీటర్ల రహదారిని 1968లో మొదలుపెట్టి 1970లో ముగించారు. హ్యుందాయ్ స్థాపకుడు చుంగ్ జు-యుంగ్ ఓడలు కట్టే యార్డు లేకుండానే ఓడలకు ఆర్డర్లు తెచ్చి, ఉల్సాన్‌లో యార్డునూ మొదటి ఓడలనూ ఒకేసారి కట్టించాడు. అప్పు అడగడానికి ఇంగ్లండు వెళ్ళినప్పుడు జేబులోంచి 500 వాన్ల నోటు తీసి, దాని మీదున్న పాత కాలపు తాబేలు ఓడ బొమ్మ చూపించాడని ఒక కథ ప్రతి కొరియావాడూ చెబుతాడు. మీ మేనేజరు తండ్రో తాతో ఆ రోజుల్లో పనిచేసినవాడే అయివుంటాడు.

ఈ తొందరకు వాళ్ళు చెల్లించిన మూల్యం కూడా వాళ్ళకు బాగా తెలుసు. 1994లో సియోల్‌లో సంగ్సు వంతెన కూలి 32 మంది, మరుసటి ఏడు సాంపుంగ్ దుకాణ సముదాయం కూలి 502 మంది చనిపోయారు. కాబట్టి 'కొరియావారికి వేగమే కావాలి, నాణ్యత అక్కర్లేదు' అనుకోవద్దు. ఈ రెండూ ఒకేసారి కావాలంటారు, చిక్కంతా అక్కడే.

ఇక పిలుపుల సంగతి. ఇది మన తెలుగు పిల్లలకు తేలిగ్గా వంటపట్టాలి. మన ఇళ్ళలో పెద్దవారిని పేరు పెట్టి పిలవం. పెద్దనాన్న, అత్తయ్య, బావగారు అంటాం. కొరియా ఆఫీసులో కూడా పై అధికారిని పేరుతో పిలవరు. ఇంటిపేరు, దాని వెనక హోదా, చివర 'నిమ్' అని గౌరవం. ఆ 'నిమ్' దాదాపు మన 'గారు' వంటిది. హోదాలు పాత పద్ధతిలో ఇలా పైకి పోతాయి: కొత్తగా చేరినవాడు 'సావన్', ఆపైన 'తేరి', తరువాత 'క్వాజాంగ్', 'ఛాజాంగ్', విభాగాధిపతి 'బూజాంగ్'. ఆ మీద డైరెక్టర్లు, అందరికంటే పైన 'హ్వేజాంగ్', అంటే ఛైర్మన్. కిమ్ అనే విభాగాధిపతిని 'కిమ్ బూజాంగ్‌నిమ్' అంటారు. కిమ్, లీ, పార్క్ అన్న మూడు ఇంటిపేర్లే ఆ దేశ జనాభాలో సుమారు 45 శాతం కనుక, ఒకే గదిలో నలుగురు కిమ్‌లు ఉండడం వింత కాదు. హోదా కలపకపోతే ఎవరిని పిలిచారో తెలియదు. వాళ్ళూ మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు. ఈ ఒక్క మాట చెబితే కొరియా అధికారులు సంతోషిస్తారని నా అనుభవం.

అయితే పాత పద్ధతి అన్నిచోట్లా లేదు. శాంసంగ్ ఎలక్ట్రానిక్స్ 2017లో హోదాల మెట్లు తగ్గించి, పేరుకు 'నిమ్' చేర్చి పిలుచుకోమంది. హ్యుందాయ్ మోటార్ కూడా 2019లో మెట్లు కుదించింది. మీరు చేరే చోట ఏది నడుస్తుందో మొదటి వారంలో చెవులు పెట్టి వినండి. ఇక్కడి కర్మాగారాల్లో 'సర్' అంటే సరిపోతుంది, ఎవరూ తప్పుపట్టరు. కాగితం గాని విజిటింగ్ కార్డు గాని రెండు చేతులతో ఇవ్వాలి, తీసుకోవాలి. మనిషి పేరు ఎర్ర సిరాతో రాయకూడదు, అది చనిపోయినవారి గుర్తు. పరిచయమైన పది నిమిషాల్లో మీ వయసు అడుగుతారు. నొచ్చుకోవద్దు. ఎదుటివారు తనకంటే పెద్దా చిన్నా అన్నది తేలితే తప్ప ఏ క్రియాపదం వాడాలో వారికి తెలియదు. 'నువ్వు', 'మీరు' తేలక మనం తడబడమా? అదే తంటా, ఇంకో నాలుగింతలు.

ఇప్పుడు అసలు పాఠం. అది నా తప్పుతోనే మొదలవుతుంది.

నేను చేరిన రెండో ఏడు. కారు సీటు కింద వచ్చే ఒక బ్రాకెట్టును ప్రెస్ షాపులో చేసి, పెద్ద కర్మాగారానికి రోజూ పంపేవాళ్ళం. ఒక శనివారం సాయంత్రం ఐదున్నరకు డై పగిలింది. మా కొనుగోలుదారు దగ్గర 320 ముక్కలు నిల్వ ఉన్నాయి. సోమవారం ఉదయం ఏడింటికి లైను మొదలైతే గంటకు 80 చొప్పున పదకొండు దాకా వస్తాయి. అంబత్తూరు నుంచి వెల్డింగు మనిషిని పిలిపించి ఆదివారం బాగుచేసేస్తే ఎవరికీ తెలియకుండా గండం గడిచిపోతుందని నా లెక్క. రాత్రి ఎనిమిదికి కొరియా మేనేజరు ఫోను చేసి సోమవారం సరుకుకు ఇబ్బంది లేదు కదా అని అడిగాడు. "నో ప్రాబ్లెమ్ సర్" అన్నాను. అబద్ధం చెబుతున్నానని నాకు అనిపించలేదు. మన వాడుకలో ఆ మాటకు 'ఎలాగోలా చూసుకుంటాను, మీరు బెంగపడకండి' అని అర్థం. ఆయనకు మాత్రం 'ఇబ్బంది లేదు' అనే అర్థం. ఆయన అదే మాట తన పైవారికి చెప్పాడు.

ఆదివారం వెల్డింగు నిలవలేదు. సోమవారం పదకొండుకు లైను ఆగింది.

అరుస్తాడనుకున్నాను. అరవలేదు. నన్ను గదిలోకి పిలిచి, చాలాసేపు మాట్లాడకుండా కూర్చుని, డై పగిలినట్టు నాకు ఎన్ని గంటలకు తెలిసిందని మాత్రం అడిగాడు. శనివారం ఐదున్నర అని చెప్పాను. ఆ ఐదున్నరకే తనకు చెప్పివుంటే, సోమవారం పొద్దున ఆ బ్రాకెట్టు అక్కర్లేని మోడల్‌ను ముందు నడపమని కొనుగోలుదారును అడిగేవాడినని, వారు ఒప్పుకునేవారని అన్నాడు. డై పగలడం గురించి ఒక్క మాటా అనలేదు. ఆ తరువాత ఆరు నెలలు నా మాటను మాత్రం నమ్మలేదు. నేను ఏది చెప్పినా ఫోటో పంపమనేవాడు. ఆ ఆరు నెలలు నాకు ఇప్పటికీ గుర్తే.

కొరియా ఆఫీసులో 'బోగో' అనే మాట పదే పదే వింటారు. నివేదించడం అని అర్థం. మన దగ్గర నివేదిక అంటే పని అయ్యాక రాసేది. వారి దగ్గర పని మధ్యలో చెప్పేది కూడా బోగోయే, అదే ముఖ్యం. పది రోజుల పని ఇస్తే మూడో రోజు, ఆరో రోజు మీరే వెళ్ళి ఎక్కడిదాకా వచ్చిందో చెప్పాలి. వారు అడిగేదాకా ఆగితే ఆలస్యమైనట్టే లెక్క. చెప్పేటప్పుడు ఫలితం ముందు, కారణం తరువాత. మనం రామాయణం బాలకాండ నుంచి మొదలుపెడతాం: వర్షం వచ్చింది సార్, కరెంటు పోయింది సార్, కాంట్రాక్టరు రాలేదు సార్... ఈలోపు ఆయన ముఖం మారిపోతుంది. 'సోమవారం పదకొండు తరువాత సరుకు ఉండదు' అన్న వాక్యం మొట్టమొదట రావాలి.

ఎందుకింత పట్టు అంటే, ఇక్కడికి వచ్చే కొరియా అధికారి సాధారణంగా మూడు నుంచి ఐదేళ్ళకు వస్తాడు. ఆయన మీద కొరియాలోని ప్రధాన కార్యాలయం ఉంది. వారి గడియారం మనకంటే మూడున్నర గంటలు ముందు. మన ఉదయం ఎనిమిదికి అక్కడ పదకొండున్నర; మన మధ్యాహ్నం రెండున్నరకు అక్కడ సాయంత్రం ఆరు. మీరు మధ్యాహ్నం భోజనం చేసి తీరిగ్గా ఇచ్చిన లెక్క ఆయనకు ఆ రోజుకు పనికిరాదు. పైగా ఒక చిన్న ఖర్చుకైనా కాగితం మెట్టుమెట్టుగా సంతకాలతో పైకి పోవాలి. దాన్ని 'క్యల్జే' అంటారు. నిర్ణయం రావడానికి చాలా రోజులు పడుతుంది, వచ్చాక మాత్రం రేపే కావాలంటారు. మనవాళ్ళకు ఇదే అర్థం కాక తిట్టుకుంటారు. కాగితం పైన ఉన్నన్నాళ్ళూ ఖాళీగా కూర్చోకుండా, ఒప్పుకుంటే ఏం చేయాలో అది సగం సిద్ధం చేసిపెట్టుకున్నవాడు అక్కడ నెగ్గుతాడు.

అవును, కాదు అన్న మాటల దగ్గర మరో తిరకాసు ఉంది. కొరియన్‌లో 'నే' అంటే 'అవును'. ఒడియా, మరాఠీ, హిందీ చెవులకు అది 'లేదు' లాగా వినిపిస్తుంది. ఇంకా చిక్కేమిటంటే వారు మాట వింటూ 'నే, నే' అంటే 'వింటున్నాను' అని మాత్రమే, ఒప్పుకున్నట్టు కాదు. మన 'ఊఁ' కొట్టడం లాంటిది. మనం తల పక్కలకు ఊపితే వారికి అవునో కాదో తెలియదు. 'సరుకు రాలేదా?' అంటే మనం 'అవునండీ, రాలేదు' అంటాం. కొరియావారూ అంతే. ఇంగ్లీషులో మాత్రం దీనికి 'నో' అనాలి. ఇద్దరమూ మన మన భాషల్లో ఆలోచించి ఇంగ్లీషులో 'యస్' అంటాం. మధ్యలో ఇంగ్లీషు బాగా వచ్చిన మూడోవాడు ఉంటే వాడికి తలకిందులుగా అర్థమవుతుంది. అందుచేత ఒంటి మాటతో జవాబు చెప్పకండి. 'సరుకు రాలేదు' అని పూర్తి వాక్యం చెప్పండి.

లెక్కలు కూడా జాగ్రత్త. మనకు లక్ష, కోటి ఉన్నట్టే వారికి పదివేలకు 'మన్' అనే స్థానం ఉంది. పది మన్‌లు మన లక్ష, వెయ్యి మన్‌లు మన కోటి. పదివేల మన్‌లు కలిస్తే 'అక్', అంటే మన పది కోట్లు. మనమూ మిలియన్లలో ఆలోచించం, వారూ ఆలోచించరు. సమావేశంలో ఇద్దరూ మిలియన్లలోకి మార్చి మాట్లాడుకుంటారు, ఒక సున్నా ఎక్కడో జారిపోతుంది. అంకెలు నోటితో చెప్పి వదిలేయకుండా కాగితం మీద రాసి చూపించడం అలవాటు చేసుకోండి. తేదీని వారు సంవత్సరం, నెల, రోజు వరుసలో రాస్తారు.

ఇంతదాకా మర్యాద, వినయం అని చెప్పుకొచ్చాను. ఇక్కడ దానికి హద్దు కూడా చెప్పాలి. 1997 ఆగస్టు 6న కొరియన్ ఎయిర్ 801 విమానం గువామ్ ద్వీపంలో దిగబోతూ కొండను ఢీకొంది. 254 మందిలో 228 మంది పోయారు. అమెరికా రవాణా భద్రతా సంస్థ 2000లో ఇచ్చిన నివేదిక, కెప్టెన్ పొరపాటుతో పాటు, కో-పైలట్, ఫ్లైట్ ఇంజనీరు కెప్టెన్ చేసేదాన్ని సరిగా గమనించి సరిచూడకపోవడాన్ని కూడా కారణంగా చెప్పింది. పెద్దవాడి ముందు చిన్నవాడు నోరు విప్పలేని అలవాటు గురించి అప్పటి నుంచి ఎంతో చర్చ జరిగింది. అదంతా సంస్కృతి వల్లనే అనడం నాకు నచ్చదు. ఆ రాత్రి వాన ఉంది, రన్‌వేకు దారి చూపే పరికరాల్లో ఒకటి పనిచేయడం లేదు. కాని ప్రెస్ ముందు నిలబడే మన పిల్లవాడికి అందులో పనికొచ్చేది ఉంది. మెషీను గార్డు తీసేసి నడపమని ఎవరు చెప్పినా, బూజాంగ్ చెప్పినా సరే, నడపకూడదు. మాట మెత్తగా ఉండవచ్చు. "సర్, గార్డు లేకుండా నేను నడపలేను, పది నిమిషాల్లో బిగిస్తాను" అనండి. నలుగురిలో ఆయన మాట తప్పని చెప్పడం వారికి చాలా అవమానం కాబట్టి, వ్యవధి ఉన్న విషయమైతే పక్కకు పిలిచి చెప్పండి. చెయ్యి పోయే విషయమైతే నలుగురిలోనైనా చెప్పండి.

ఎదుటివారి మనసును ముఖం చూసి కనిపెట్టడాన్ని 'నున్చి' అంటారు. కోడలు అత్తగారి ముఖం చూసి పొయ్యి మీద కాఫీ పెట్టినట్టు అనుకోండి. అది ఉన్నవారిని వాళ్ళు చాలా మెచ్చుకుంటారు. మన తెలుగు ఇళ్ళలో పెరిగిన పిల్లలకు ఇది పుట్టుకతోనే కొంత ఉంటుంది. మరీ ఎక్కువైతే అదే గువామ్ దారి.

అరుపుల విషయం. తండ్రిగారి భయం ఉత్తదేమీ కాదు. గొంతు పెంచే అధికారులు ఉన్నారు, పాత తరంలో మరీ ఎక్కువ. పని మీద గొంతు పెంచడం వేరు, మనిషిని తిట్టడం వేరు. మొదటిదాన్ని కొన్నాళ్ళకు తట్టుకోగలరు. మరుసటి గంటకే ఆ మనిషి మీకు కాఫీ తెచ్చివ్వడం కూడా చూస్తారు. రెండోదాన్ని తట్టుకోవలసిన అవసరం లేదు. కొరియాలోనే 2019 జూలై నుంచి పనిచోట వేధింపులను నిషేధించే చట్టం ఉంది. వారపు పని గంటలను 52కు పరిమితం చేసే సవరణ 2018లో పెద్ద సంస్థలతో అమలు మొదలైంది. కాబట్టి 'కొరియా పద్ధతే ఇంత' అని మన సూపర్‌వైజరు ఎవరైనా అంటే నమ్మకండి. తెల్లవారూ కొరియావారూ కాదు, మన మధ్యవారే ఆ మాట వాడుకుని ఎక్కువ బాధపెట్టడం నేను చూశాను.

ఇక్కడి కర్మాగారానికి ఇక్కడి చట్టమే వర్తిస్తుంది. కార్మికుడికి వారానికి 48 గంటలు, ఆపైన చేస్తే రెట్టింపు వేతనం. చేరేటప్పుడు ఇచ్చే కాగితంలో పని గంటలు, ఓవర్‌టైమ్, శిక్షణ కాలం ఎన్నాళ్ళు, బాండు ఉందా అన్నవి తల్లిదండ్రులు కూడా కూర్చుని చదవాలి. 2024 సెప్టెంబరు 9న శ్రీపెరుంబుదూరు శాంసంగ్ కర్మాగారంలో మొదలైన సమ్మె అక్టోబరు 15 దాకా సాగింది. జీతాలతో పాటు యూనియన్ గుర్తింపు ముఖ్యమైన కోరిక. 2025 జనవరిలో ఆ యూనియన్ నమోదయింది. అదే 2024లో కొరియాలోని శాంసంగ్ ఎలక్ట్రానిక్స్ ఉద్యోగులు కూడా ఆ సంస్థలో తొలిసారిగా సమ్మె చేశారు. అంటే ఇది వారికీ మనకూ మధ్య తగవు మాత్రమే కాదు. చేరాలా వద్దా అన్నది మీ పిల్లల ఇష్టం. వార్తలు చదివి తెలుసుకుని ఉండడం మాత్రం మంచిది.

విందుల గురించి తల్లులు ఎక్కువగా అడుగుతారు. జట్టంతా కలిసి సాయంత్రం భోజనానికి వెళ్ళడాన్ని 'హ్వేషిక్' అంటారు. అక్కడ మద్యం ఉంటుంది. తాగాలన్న నియమం లేదు. 'నేను తాగను' అని మొదటిసారే, నవ్వుతూ, స్పష్టంగా చెప్పాలి. ఒకసారి తాగి మరోసారి మానితే కారణం అడుగుతారు. గ్లాసులో నీళ్ళో కూల్‌డ్రింకో పోయించుకుని అందరితో ఎత్తితే చాలు. ఎవరి గ్లాసులో వారు పోసుకోరు. పక్కవారికి మీరు పోయాలి, మీకు వారు పోస్తారు, అదీ రెండు చేతులతో. పెద్దవారు తినడం మొదలుపెట్టాక మనం మొదలుపెట్టాలి. మాంసం తినని పిల్లలు ఒక సంగతి తెలుసుకోవాలి: కిమ్చీ క్యాబేజీ పచ్చడే అయినా అందులో సాధారణంగా చేపల రసమో ఎండు రొయ్యలో కలుస్తాయి. గొడ్డుమాంసం, పందిమాంసం పట్టింపు ఉంటే ముందే చెప్పండి, వారేమీ అనుకోరు. నా మొదటి కొరియా అధికారి నా కోసం ప్రతిసారీ రెండు గిన్నెల అన్నం, ఒక గుడ్డు చెప్పించేవాడు. మూడేళ్ళు అదే తిన్నాను. పూర్తిగా తప్పించుకు తిరగవద్దని మాత్రం చెబుతాను, పగలు ఆఫీసులో చెప్పని మాటలు అక్కడే బయటికి వస్తాయి. అమ్మాయిలయినా అబ్బాయిలయినా, రెండో చోటికి పోదామంటే 'ఇంట్లో ఎదురుచూస్తుంటారు' అని లేచి రావచ్చు. పది మంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా 2013 చట్టం ప్రకారం మహిళల ఫిర్యాదుల కమిటీ ఉండాలి. చేరిన రోజే అందులో ఎవరున్నారో అడిగి రాసుకోండి.

ఆ అమ్మాయికి చెప్పవలసింది చివర మిగిలింది. సీరియల్స్ చూసి నేర్చుకున్న భాషతో ఆఫీసులో మాట్లాడకూడదమ్మా. అందులో స్నేహితులు, ప్రేమికులు మాట్లాడుకునేది 'బన్‌మల్', అంటే ఏకవచనపు మాట. దానితో మేనేజరును పలకరిస్తే 'ఏరా, తిన్నావా' అన్నట్టే. గౌరవ రూపాలతో మొదలుపెట్టాలి. భాష మనకు మరీ కష్టం కాదు. వాక్యంలో క్రియ చివరికి వస్తుంది, విభక్తులు మాట వెనక అతుక్కుంటాయి, అచ్చం మనలాగే. 'అప్పా' అంటే వారికీ నాన్నే. దీన్ని పట్టుకుని తమిళమూ కొరియనూ అక్కాచెల్లెళ్ళని కొందరు ఉపన్యాసాలిస్తారు; భాషాశాస్త్రజ్ఞులు ఒప్పుకోరు, మనమూ ఉద్యోగపు ఇంటర్వ్యూలో చెప్పనక్కర్లేదు. సెజోంగ్ రాజు 1446లో ప్రకటించిన వారి లిపి వారం రోజుల్లో వచ్చేస్తుంది. చెన్నైలో ఉన్నవారికి ఇన్‌కో సెంటర్‌లో తరగతులు ఉన్నాయి. 'టోపిక్' అనే పరీక్షకు ఆరు స్థాయిలు. మొదటి రెండూ ఒక పేపరు, మూడు నుంచి ఆరు దాకా ఇంకొకటి. రెండో స్థాయి ఉంటే ఇంటర్వ్యూలో గుర్తిస్తారు, అనువాదకులుగా బతకాలంటే ఐదు కావాలి.

కొరియా ప్రభుత్వం ఇచ్చే 'గ్లోబల్ కొరియా స్కాలర్‌షిప్' గురించి మన విద్యార్థులు ఇంతవరకు పెద్దగా అడగలేదు. విమాన ఖర్చు, ఫీజు, నెలవారీ భత్యం ఇస్తారు. ముందు ఒక ఏడాది భాష నేర్పి, టోపిక్ మూడో స్థాయి వచ్చాకే డిగ్రీలోకి పంపుతారు. డిగ్రీకి 25 ఏళ్ళ లోపు, పీజీకి 40 లోపు వయసు ఉండాలి. ప్రకటనలు ఢిల్లీలోని కొరియా రాయబార కార్యాలయం ద్వారా వస్తాయి.

ఇక అభ్యాసం. పైన చెప్పిన బ్రాకెట్టు సంఘటన తీసుకోండి. నిల్వ 320, గంటకు వాడకం 80, లైను సోమవారం ఉదయం 7కు మొదలు. డై బాగుచేసి, నమూనా ముక్కలు కొలిచి, మళ్ళీ సరుకు పంపడానికి సోమవారం సాయంత్రం 6 అవుతుందనుకోండి. ఎన్ని గంటల లోటు, ఎన్ని ముక్కల లోటు లెక్క కట్టండి. తరువాత మేనేజరుకు ఆరు వాక్యాల కబురు ఇంగ్లీషులో రాయండి: లైనుకు ఏమవుతుంది, ఏం జరిగింది, ఎప్పుడు తెలిసింది, ఇప్పుడు ఏం చేస్తున్నారు, ఆయన నుంచి ఏం సాయం కావాలి, మళ్ళీ ఎన్ని గంటలకు చెబుతారు. ఇంట్లో పెద్దవారికి చదివి వినిపించండి, వారికి ఒక్కసారికే అర్థమైతే సరిగ్గా రాసినట్టు. పంపవలసిన సమయం శనివారం సాయంత్రం ఐదు గంటల నలభై నిమిషాలు.